శుక్రవారం పన్నెండింటిదాకా మౌనం

కాస్పర్ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాకింత మండేది కాదు. చెడ్డవాణ్ణయితే నాలుగు తిట్టుకుని మన పని మనం చూసుకుంటాం. ఈయన మంచివాడు. మీటింగులో ఎవరికైనా దగ్గొస్తే తన నీళ్ళ గ్లాసు వాళ్ళ ముందుకు జరిపే రకం. యుద్ధాల్లో నలిగిపోయినవాళ్ళ గురించి మాట్లాడితే నిజంగానే ఆయన గొంతు బొంగురుపోతుంది. ఏ దేశమో చెప్పను. చెబితే మా రాయబారి పిలిచి చీవాట్లు పెడతాడు. పెద్ద దేశం, అంతవరకు చాలు.

నాది స్లొవేనియా, చిన్న దేశం. పేరు తదేయా. బ్రస్సెల్స్‌లో ఇరవయ్యేడు దేశాలవాళ్ళం ఒక బల్ల చుట్టూ కూర్చుని, బయటి ప్రపంచంతో మా యూరోపియన్ యూనియన్ ఏం మాట్లాడాలి, ఎక్కడ గొడవైతే ఎవర్ని పంపాలి అని తేలుస్తుంటాం. తేల్చడమంటే ఓట్లు లెక్కపెట్టడం కాదు. అందరూ సరేననాలి. ఇరవయ్యారుమంది ఔనని ఒక్కళ్ళు తల అడ్డంగా ఊపారా, అంతే సంగతులు, ఆ కాగితం పక్కన పెట్టాల్సిందే. అందుకని మా బల్ల దగ్గర ఎవరూ "కాదు" అనరు. "మా రాజధానిని ఒకసారి అడగాలి" అంటారు. "మాకింకా కొంచెం టైము కావాలి" అంటారు. వినడానికి ఎంత మర్యాదగా ఉంటుందో!

అన్నీ కుదిరాక చివర్లో ఒక ఆచారం ఉంది. దాన్ని మౌనం అంటాం. ఒప్పుకున్న కాగితాన్ని అన్ని దేశాలకీ పంపి, ఫలానా గంటదాకా ఎవరూ ఏమీ అనకపోతే అందరూ సరేనన్నట్టే అని రాస్తారు. ఎవరైనా ఒక్క ముక్క అన్నారా, మౌనం విరిగినట్టు. మెచ్చుకుంటూ అన్నా సరే, కామా మార్చమన్నా సరే, కాగితం మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. వచ్చాక ఇక ఎవరి ఇష్టం వాళ్ళది. అంటే ఆ కొన్ని గంటలూ నోరు మూసుకుని కూర్చోవడమే మా ఉద్యోగం. ఇన్ని చదువులు చదివినవాళ్ళకి ఆ పాటి పని చేతకాలేదు. అదే నా ఏడుపు.

కాగితం తెర్గాన్ నది గురించి. ఆ నదికి అటు ఒడ్డు అటువాళ్ళ సైన్యం చేతిలో ఉంది, ఇటు ఒడ్డు ఇటువాళ్ళ చేతిలో. యుద్ధం ఆగింది గానీ శాంతి రాలేదు. మధ్యలో మా యూనియన్ పంపిన పరిశీలకులు, తుపాకీ లేనివాళ్ళు, నీలం చొక్కాలేసుకుని జీపుల్లో తిరుగుతుంటారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గొడ్లు నది దాటిపోతాయి. వాటి వెనక కాపరులు దాటతారు, సైనికులు పట్టుకుపోతారు. అప్పుడు మా వాళ్ళు ఫోను చేసి, బతిమాలి, మనుషుల్నీ గొడ్లనీ వెనక్కి తెస్తారు. ఆ ఫోనులో మాట్లాడేది మా వాళ్ళు కాదు, సెవ్దా. ఆ పరిశీలకుల బృందాన్ని మేం మిషన్ అంటాం, అందులో దుబాసీ, రెండు ఒడ్ల భాషలూ వచ్చిన పిల్ల.

వసంతంలో మేం కొందరం అక్కడికి వెళ్ళినప్పుడు మమ్మల్ని తిప్పింది తనే. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, "ఇరవయ్యేడు దేశాలు కదా, ఎటు వెళ్ళాలో డ్రైవరుకి ఎవరు చెబుతారు?" అని అడిగింది. మాకు నవ్వాగలేదు. "ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడే ఉన్నాం," అన్నాడు పక్కనున్న జెప్పి. జెప్పి మాల్టావాడు, మీటింగుల్లో నా పక్క కుర్చీ. ఇద్దరం చిన్న దేశాలవాళ్ళం కాబట్టి బల్ల చివర మమ్మల్నెవరూ పట్టించుకోరు, హాయిగా చెవులు కొరుక్కుంటాం.

సెవ్దా ఇల్లు అటు ఒడ్డున, అటువాళ్ళ సైన్యం ఉన్నవైపు. తల్లి గుల్సారాతో ఉంటుంది. రోజూ పొద్దున కాలినడక వంతెన మీద కాపలావాళ్ళకి మా మిషన్ కార్డు చూపించి ఇటు వస్తుంది, సాయంత్రం అటు పోతుంది. ఎన్ని ఫోన్లు చేసి ఎంతమందిని విడిపించిందో ఆ సైనికులకి తెలుసు. పళ్ళు నూరుకుంటారు, ముట్టుకోలేరు. ఎందుకంటే యూనియన్‌కీ ఆ సైన్యానికీ ఒప్పందం ఉంది, మిషన్ గడువు ఉన్నంతకాలం ఆ కార్డున్నవాళ్ళ జోలికి రాకూడదు. "కార్డు లేకపోతే?" అని అడిగాను. "లేకపోతే నేను రెండు వైపులకీ ఫోన్లు చేసే ఆడదాన్ని. దానికి మా ఊళ్ళో గూఢచారి అని పేరు," అంది సెవ్దా, నా చేతిలో రొట్టె, జున్ను పెడుతూ. వెళ్ళేటప్పుడు నా నంబరు తీసుకుంది.

మిషన్ గడువు ఆ శుక్రవారంతో ఆఖరు. పొడిగించాలంటే ఇరవయ్యేడు సరేలు. ఇరవయ్యారు ఎప్పుడో వచ్చేశాయి. మిగిలింది మా బల్ల దగ్గరే కూర్చునే ఇరేన్ వాళ్ళ దేశం. దాని పేరు కూడా చెప్పను. వాళ్ళకి మిషన్ మీద కోపమేం లేదు, నది ఎక్కడుందో వాళ్ళ మంత్రికి తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. మిషన్‌కి అధిపతిగా వాళ్ళ మనిషిని వెయ్యాలి, అదీ బేరం. నెలంతా ఇరేన్ చక్కగా జుట్టు ముడేసుకుని వచ్చి, "మా రాజధానిలో ఇంకా చూస్తున్నారు" అంటూ కూర్చుంది. చివరికి మా అధ్యక్షురాలు ఊనా, ఐరిష్ మనిషి, ఓపికకి చేతులెత్తి దండం పెట్టాలి, ఏదో నచ్చజెప్పి వాళ్ళచేత అడ్డు తీయించింది. గురువారం కాగితం మౌనంలో పెట్టారు, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటిదాకా.

"ఇక అయిపోయినట్టే," అని నది దగ్గరి మిషన్ ఆఫీసుకి ఊనా కబురు పంపింది. వాళ్ళు సిబ్బందికి చెప్పారు. సెవ్దా నాకు మెసేజ్ పెట్టింది: "మీరందరూ ఒక్కమాట మీదికి వచ్చారట. ఎవరికైనా జ్వరమొచ్చిందా?"

శుక్రవారం పొద్దున నేనూ జెప్పీ కింద కాఫీ బార్‌లో ఉన్నాం. బయట ఎప్పటిలాగే తుంపర. శుక్రవారం కదా, సగంమంది చక్రాల సూట్‌కేసులు లాక్కుంటూ వచ్చారు, పని కాగానే రైలుకో విమానానికో పోవడానికి. ఆ చక్రాల చప్పుడు వింటే చాలు, మధ్యాహ్నం తర్వాత ఈ భవనంలో పిట్ట కూడా ఉండదని తెలిసిపోతుంది.

"నువ్వు ఆ ఫోను కింద పెట్టవే తల్లీ," అన్నాడు జెప్పి. "చూస్తే మౌనం తొందరగా అవుతుందా?"

"నీ కాఫీ నువ్వు తాగు."

"తాగుతున్నా. ఇరేన్ కూడా సూట్‌కేసు తెచ్చుకుంది, చూశావా? ఊరెళ్ళే మనిషి గొడవ పెట్టుకోదులే."

అప్పుడే వచ్చింది మెయిలు. ఇరేన్ నుంచి కాదు. కాస్పర్ నుంచి, అందరికీ.

కాగితానికి తమ దేశం పూర్తి మద్దతు ఇస్తోందట. ఊనా కృషికి హృదయపూర్వక అభినందనలట. ఇంత ముఖ్యమైన విషయంలో కాగితాన్ని మరింత బలంగా చేయడానికి ఒక్క చిన్న పేరా కలిపితే బాగుంటుందని తమ మంత్రిగారి అభిప్రాయమట. ఏం పేరానో తెలుసా? మిషన్‌లో పనిచేసే స్థానిక సిబ్బంది భద్రతకి యూనియన్ అత్యంత ప్రాధాన్యం ఇస్తుందని!

జెప్పి చదివి కప్పు కింద పెట్టాడు. "ఓరి నాయనో," అన్నాడు మెల్లగా. "మౌనం విరిచేశాడు."

ఎక్కడి కాఫీ అక్కడ వదిలేసి పరిగెత్తాను. లిఫ్టు కోసం ఆగలేదు. మా అంతస్తులో కోట్లు తగిలించే చోట కాస్పర్ మెడకి మఫ్లర్ చుట్టుకుంటున్నాడు, పక్కన సూట్‌కేసు.

"కాస్పర్, ఏం చేశావు నువ్వు? తెలుస్తోందా అసలు? ఆ మెయిలు వెనక్కి తీసుకో. ఇంకా పన్నెండు కాలేదు. పొరపాటున పంపానని రాయి, చాలు."

"పొరపాటు కాదు తదేయా," అన్నాడు చాలా సౌమ్యంగా. "పేరా చదివావా? నువ్వే కదా ఆ దుబాసీ అమ్మాయి గురించి అందరికీ చెప్పింది. నేను మా మంత్రికి చెప్పాను. ఆయన కదిలిపోయాడు."

"కదిలితే కదిలాడు! వచ్చే వారం విడిగా ఒక ప్రకటన పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఇప్పుడు కాగితం తెరిస్తే ఇరేన్ ఊరుకుంటుందా?"

"ఇరేన్‌తో పొద్దున్నే మాట్లాడాను. పేరాకి ఆమెకేం అభ్యంతరం లేదంది."

"పేరాకి లేదయ్యా! పేరాకి ఎవరికుంటుంది?"

కాస్పర్ గడియారం చూసుకున్నాడు. "వెనక్కి తీసుకోవాలంటే రాజధాని నుంచి ఆదేశం కావాలి. శుక్రవారం ఈ టైముకి అక్కడెవరుంటారు? పైగా మంత్రిగారు పొద్దున పత్రికలవాళ్ళకి చెప్పేశారు, స్థానిక సిబ్బంది కోసం మేం పట్టుబట్టామని. ఇప్పుడు కాదంటే ఎలా?" నా భుజం మీద చెయ్యి వేశాడు. "కంగారు పడకు. అందరం ఒకే వైపు ఉన్నాం కదా."

ఆ చెయ్యి విదిలించి కొట్టాను. దౌత్యవేత్తలు అలా చెయ్యరు. చేశాను. ఆయన మొహం చిన్నబోయింది, సూట్‌కేసు లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇరేన్ దగ్గరికి వెళ్ళేసరికి ఆమె అప్పటికే టైపు చేస్తోంది. కాగితం మళ్ళీ తెరుచుకుంది కాబట్టి, తమ పాత వ్యాఖ్యని కూడా ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నామని. మిషన్ అధిపతి నియామకం గురించి.

"ఇరేన్, నీకు సిగ్గనిపించట్లేదా?"

"నాకెందుకు?" అంది కళ్ళజోడు తీసి. "తెరిచింది మేమా? మేం నోరు మూసుకునే ఉన్నాం కదా. మిగతావాళ్ళు కొసరు అడుక్కోవచ్చు, మేం అడిగితేనే పాపమా? నా రాజధాని నన్ను అడగదూ, తలుపు తెరిచుంటే ఎందుకు లోపలికి పోలేదని?" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మేం వద్దనలేదు తదేయా. టైము అడిగాం, అంతే," అంది.

ఊనా ఫోన్లు చేసింది. పాపం, ఎన్ని రాజధానులకో చేసింది. ఒకచోట ఎత్తలేదు, ఒకచోట ఎత్తినవాడికి అధికారం లేదు, ఒకచోట అధికారం ఉన్నవాడు కూతురి నాటకం చూడ్డానికి బడికి వెళ్ళాడు. సాయంత్రానికి కారిడార్‌లో ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆ రోజు దాటితే మిషన్ ఉండదు. నీలం చొక్కాలవాళ్ళు తమ గేటు దాటి బయటికి రాకూడదు. సెవ్దా చేతిలో కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క.

నేను సెవ్దాకి ఫోన్ చేశాను. ఇంకా ఇటు ఒడ్డునే, ఆఫీసులోనే ఉంది. వాళ్ళ పెద్ద అప్పటికే చెప్పాడట.

"ఇవాళ ఇంటికి పోకు," అన్నాను. "ఇటే ఉండిపో. సోమవారం మంగళవారంకల్లా ఏదో ఒకటి చేస్తాం."

"మా అమ్మ?"

"మూడు నాలుగు రోజులే కదా సెవ్దా."

"నేను రాలేదంటే కార్డు చచ్చిందని వాళ్ళకి తెలిసిపోతుంది. పారిపోయిందంటారు. పొద్దున్నే మా ఇంటికి పోతారు. అమ్మకి సరిగా వినపడదు, వాళ్ళు అరుస్తారు, ఈవిడ ఏదో ఒకటి అంటుంది. అంత పెద్ద యూనియన్, శని ఆదివారాలు పనిచేసే మనిషి ఒక్కడూ లేడా?"

ఏమని చెప్పను? ఉన్నారు, మా భవనం కాపలావాళ్ళు ఉన్నారని చెప్పనా?

"నేను పోయి అమ్మని తీసుకుని పొద్దున్నే వచ్చేస్తా. తెల్లారకముందు కాపలాకి ఒక ముసలాయన ఉంటాడు, మంచివాడు," అంది. పెట్టేసింది.

మర్నాడు పొద్దున వంతెన దగ్గర ముసలాయన లేడు. తల్లిని వంతెన మధ్యలోనే నిలబెట్టి సెవ్దాని జీపెక్కించారు. అటు ఒడ్డు కొండల వెనకున్న ఊరికి, అక్కడి జైలుకి తీసుకెళ్ళారు. మా నీలం చొక్కాలవాళ్ళు ఇటు ఒడ్డున గేటు లోపల నిలబడి చూశారు. దాటకూడదు కదా మరి, గడువైపోయింది. కార్డు చూపించిందట. ఆ సైనికుడు తీసుకుని, తిప్పి చూసి, తేదీ మీద వేలు పెట్టాడట. మా తేదీలు మాకంటే వాళ్ళకే బాగా గుర్తు.

సోమవారం అందరూ ఎంత కలత పడ్డారో చూడాలి! మీటింగులో ఒక్కొక్కళ్ళే మైకు తీసుకుని దిగ్భ్రాంతి అన్నారు, ఆవేదన అన్నారు. ఇరేన్ కూడా అంది. ఆవిడ రాజధానికి రాత్రికి రాత్రే జ్ఞానోదయమై, తమ వ్యాఖ్యని ప్రస్తుతానికి పక్కన పెట్టారు. అందరూ తలూపారు, కాగితం మళ్ళీ మౌనంలోకి పోయింది. మర్నాటికల్లా చిటికెలో అయిపోయింది. కాస్పర్ పేరాతో సహా.

మంగళవారం ఊనా ఆ సంగతి చదివి వినిపిస్తే, బల్ల చుట్టూ వేళ్ళతో టకటకా కొట్టారు. మా దగ్గర చప్పట్లకి బదులు అదే. కాస్పర్ వైపు తిరిగి కొందరు తలూపారు కూడా, స్థానిక సిబ్బంది గురించి ఇంత గట్టి పేరా ఇంతకుముందు ఏ మిషన్‌కీ లేదట. కాస్పర్ కళ్ళు తుడుచుకున్నాడు.

నేను నా మైకు బటన్ నొక్కాను.

"ఎవరికయ్యా ఈ టకటకలు? ఏ స్థానిక సిబ్బందికి? శుక్రవారం దాకా ఉన్నవాళ్ళలో ఒకత్తి ఇప్పుడు జైల్లో ఉంది. ఆమెని అక్కడికి పంపింది ఆ సైనికులు ఒక్కళ్ళే కాదు, ఈ పేరానే! ఆ అమ్మాయికి కావలసింది మన ప్రాధాన్యం కాదు, కార్డు మీద ఒక తేదీ. అది చేతిలో పెట్టడానికి మనం చెయ్యాల్సింది ఏమీ లేదు. వినండి, ఏమీ లేదు! కూర్చోవాలి, నోరు మూసుకోవాలి. అదొక్కటీ చెయ్యలేకపోయాం. ఎందుకు? ఒకాయనకి మంచివాడని అనిపించుకోవాలని దురద పుట్టింది. ఇంకొకరికి తెరిచిన తలుపు చూస్తే చెయ్యి ఆగలేదు. మిగతావాళ్ళం సూట్‌కేసులు సర్దుకున్నాం. ఛీ! ఆమె పేరన్నా మీకు ఎంతమందికి తెలుసు?"

జెప్పి నా మోచేయి పట్టుకు లాగుతున్నాడు. ఊనా నా వైపు చూసింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది నేను చూశాను. అయినా తన కుర్చీలో కూర్చున్నవాళ్ళు అడగాల్సిందే అడిగింది.

"స్లొవేనియా వ్యాఖ్యకి ధన్యవాదాలు. ఇది మీ రాజధాని తరఫున అన్నదా, మీ సొంతమా?"

"నా సొంతం."

"అయితే నమోదు కాదు," అంది ఊనా నెమ్మదిగా. తర్వాతి అంశానికి వెళ్ళాం. చేపల పడవల గురించి.

మా రాయబారి ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి అరగంట చీవాట్లు పెట్టాడు. పెట్టనీ. వింటున్నట్టు నిలబడ్డాను. బయటికొచ్చేసరికి కాస్పర్ గోడకి ఆనుకుని నా కోసం ఎదురుచూస్తున్నాడు.

"నేను ఆమెకి మేలు చేద్దామనే కదా," అన్నాడు.

"తెలుసు," అన్నాను. "అందుకే నిన్ను క్షమించలేను. ఇరేన్‌ని రేపో మాపో క్షమిస్తానేమో."

అంతకంటే మాట్లాడబుద్ధి కాలేదు. భవనం బయటికొచ్చి రౌండబౌట్ దగ్గర వానలో నిలబడ్డాను. ఫోను మోగింది. సెవ్దా నంబరు. వదిలేశారేమో అనుకుంటూ గబుక్కున ఎత్తాను.

వదల్లేదు. తల్లి గుల్సారా. పట్టుకుపోయేటప్పుడు సెవ్దా ఫోను తల్లి శాలువాలో పడేసిందట. నా మొదటి ఉద్యోగం తూర్పున, అక్కడ నేర్చుకున్న రష్యన్ నాకు కొంచెం వస్తుంది. ఆవిడకీ కొంచెం వస్తుంది. చెవులు సరిగా వినపడనివాళ్ళు అరిచినట్టే అరుస్తూ మాట్లాడింది. నేనూ రోడ్డు మీద అరిచాను, దారిన పోయేవాళ్ళు తిరిగి చూస్తుంటే.

"నువ్వేనా అమ్మా, అక్కడ పెద్ద బల్ల దగ్గర కూర్చునేదానివి? నా బిడ్డ చెప్పింది."

"నేనేనమ్మా."

"నా బిడ్డకి కార్డు ఎందుకు పోయింది?"

"గడువు పొడిగించడం ఆలస్యమైందమ్మా. ఇప్పుడు చేశాం. ఇవాళే చేశాం. వాళ్ళ మీద ఒత్తిడి తెస్తాం, విడిపిస్తాం—"

"అది తర్వాత. ముందు ఒకటి చెప్పు. ఎవరు వద్దన్నారు? ఏ దేశం? ఊరికే పేరు చెప్పు. నేను పోయి కొట్లాడేదాన్ని కాదు, ముసలిదాన్ని. పొద్దున లేస్తే ఎవర్ని తిట్టుకోవాలో తెలియాలి కదా నాకు."

నోటిదాకా కాస్పర్ పేరు వచ్చింది. ఆయన వద్దన్నాడా? పూర్తి మద్దతు అన్నాడు. ఇరేన్ వద్దందా? టైము అడిగింది. ఊనా? జెప్పి? నేను?

"ఎవరూ వద్దనలేదమ్మా," అన్నాను. "అందరూ సరే అన్నారు."

వినపడలేదేమో అనుకుని మళ్ళీ అరిచాను. వినపడింది. ఆవిడ మొదటిసారి అరవకుండా, మామూలుగా అడిగింది.

"మరి నా పిల్లేదీ?"